గ్యారేజీ వెనుక నాలుగు ఇనుప ప్లేట్లు

గల్ఫ్‌లో, ఘాలాలోని మా కంపెనీ గ్రౌండ్ గేటు దగ్గర ‘మన బేస్‌బాల్ ఇక్కడే పుట్టింది’ అని బోర్డు పెట్టే పని నాకు అప్పగించారు. నేను సర్వే ఇంజనీర్‌ని. ఆధారాలు మూడు చూశాను: ఆఫీసు ఫైల్లోని పాత ఫొటో, గ్రౌండ్ చదును చేసిన తేదీ, మేనేజర్ మాట. మూడూ సరిపోయాయి.

ఫ్రేము చేయాల్సిన కడప వెల్డర్ భాయ్ ఆ రాత చదివి ఎలక్ట్రోడ్ కింద పెట్టేశాడు.

“నేను చెయ్యను సార్. ఆట ఈడ పుట్టలేదు. గ్యారేజీ ఎనక పుట్టింది. ఫిలిప్పీన్స్ వాళ్లు బేస్‌లు లేక చెప్పులు పెట్టి ఆడుకుంటాంటే, నాలుగు ప్లేట్లు కోసి పాతింది నేను.”

“ఫైల్లో లేదు భాయ్.”

“నేను పుట్టింది గూడా మీ ఫైల్లో లేదు. అయితే పుట్టనట్టేనా?”

వర్క్‌షాపంతా నవ్వింది. ఆయన వచ్చే వారం వీసా రద్దు చేసుకుని శాశ్వతంగా ఊరికి వెళ్లిపోతున్నాడు. ఈలోపు తేలకపోతే ఆ మాట చెప్పేవాడే ఉండడు.

అమెరికాలోనూ ఇదే జరిగింది. బేస్‌బాల్‌ను ఒక చిన్న ఊళ్లో ఒకాయన కనిపెట్టాడని నమ్మి అక్కడే మ్యూజియం కట్టారు. అది నిజం కాదని, బ్యాటూ బంతీ ఆటలు ఇంగ్లండ్‌లో అంతకుముందే ఉన్నాయని పరిశోధకులు తేల్చారు. మ్యూజియం మాత్రం అక్కడే ఉంది.

ఇనుము పాతి ఉంటే దొరకాలి. శుక్రవారం పొద్దున్నే భూమిలో కేబుళ్లు వెతికే పరికరంతో గ్యారేజీ వెనుక మీటరు మీటరు చొప్పున నడిచాను. మొదట పాత రిమ్ము తగిలింది. తర్వాత జానెడు లోతులో అయిదు మూలల ప్లేటు దొరికింది. బేస్‌బాల్‌లో బ్యాటు పట్టినవాడు నిలబడే హోమ్ బేస్‌కు మాత్రమే అయిదు మూలలుంటాయి. దాని మొన దగ్గరి రెండు అంచుల వెంట వెతికితే ఇంకో రెండు ప్లేట్లు దొరికాయి. నాలుగు బేస్‌లూ ఒక చతురస్రం మూలల్లో ఉంటాయి; మూడు తెలిస్తే నాలుగోది లెక్కే. అది సరిగ్గా అక్కడున్న సామాన్ల కంటైనర్ కిందికి వచ్చింది.

“ఆ కంటైనర్ దింపించింది గూడా నేనే,” అని భాయ్ తల కొట్టుకున్నాడు.

హైదరాబాదీ మేనేజర్‌కు ఫోన్ చేశాను. “అరే, గ్యారేజీ ఎనక బోర్డు పెడితే ఎవరు చూస్తరు? టైర్లా?” అన్నాడు.

“బోర్డు గేటు దగ్గరే ఉంటుంది సార్. రాత మారుస్తున్నాను.”

‘మన బేస్‌బాల్ గ్యారేజీ వెనుక మొదలైంది’ అని రాసి, కింద బాణం గుర్తు, దూరం మీటర్లలో వేశాను. పేరు కూడా వేయమంటావా అని భాయ్‌ని అడిగాను.

“పేరొద్దు. బేస్‌లు కోసింది వెల్డర్ అని రాయి సార్, చాలు.”

అలాగే రాశాను. ఆ సాయంత్రమే ఫ్రేము తయారైంది.