ముడిమ్యాల మిస్డ్ కాల్

దయ్యాల మాటెత్తితే నవ్వేవాణ్ని. ఆఫీసుల్లో ఫోన్ సర్వర్లు పెట్టడం నా పని. వచ్చిన ప్రతి కాల్‌కూ సర్వర్ రాసుకునే చిట్టాలో, అదే లాగ్‌లో, ఒక లైను పడుతుంది. లైను లేదంటే కాల్ రానట్టే. నా నమ్మకాలన్నీ అంతవరకే.

రెండేళ్ల కింద మొయినాబాద్‌లో ఒక అంబులెన్స్ ఆఫీసుకు ఎస్ఐపీ ప్రాక్సీ పెట్టాను. ఏ కాల్‌ను ఏ షరతు మీద ఎటు పంపాలో చూసుకునే సర్వర్ అది. అక్కడ ఫోన్లెత్తే స్వరూపక్కకు మిస్డ్ కాల్స్‌తోనే తంటా. చుట్టుపక్కల ఊళ్లలో పెద్దవాళ్లు ఒక్క రింగిచ్చి కట్ చేస్తారు, మనమే తిరిగి చేయాలి. "జర ఏమన్న చెయ్యి తమ్మీ, యాష్టకొస్తున్నది" అన్నది.

చేశాను. ఒకే నంబరు గంటలో మూడుసార్లు రింగిచ్చి కట్ చేస్తే, నాలుగో కాల్ ఆమె దాకా పోదు. "లైన్లన్నీ బిజీగా ఉన్నాయి" అనే రికార్డుకు పోతుంది. ఆ రికార్డులో గొంతు కూడా నాదే. పెద్ద తెలివి చూపించాననుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వారం తిరగలేదు. ముడిమ్యాల ఊళ్లో ఎల్లయ్య అనే రైతుకు ఛాతీలో నొప్పి లేచింది. భార్య కూలికి పోయింది, ఇంట్లో ఒక్కడే. అలవాటు కొద్దీ మూడు మిస్డ్ కాల్స్ ఇచ్చాడు. స్వరూపక్క వేరే కాల్స్‌లో ఉండి తిరిగి చేయలేదు. నాలుగోసారి ఆయన కట్ చేయలేదు. రెండు నిమిషాలు నా గొంతు విన్నాడు. అది లాగ్‌లో ఉంది. సాయంత్రం భార్య వచ్చేసరికి ప్రాణం లేదు.

తెలిసిన రోజే ఆ షరతు తీసేశాను. తీసేసి ఏం లాభం.

ఇరవై రోజులకు, మధ్యాహ్నం అన్నాల వేళ, నేను అక్కడే ఉండగా స్వరూపక్క ఫోను ఒక్క రింగిచ్చి ఆగింది. తెర మీద ఎల్లయ్య నంబరు. ఆమె కూడా చూసింది. లాగ్ తెరిస్తే ఆ నిమిషానికి లైనే లేదు. సర్వర్ దాటకుండా ఆ ఫోను మోగే దారి లేదు. వెంటనే తిరిగి చేశాను. స్విచ్చాఫ్.

మనసు ఊరుకోక బండేసుకుని ముడిమ్యాల పోయాను. ఎల్లయ్య భార్యకు నేనెవరో చెప్పి, ఆ ఫోను ఎవరి దగ్గర ఉన్నదని అడిగాను.

"ఆయనతోటే బొందల పెట్టి మన్ను కప్పినం బిడ్డా. చుట్టలు, ఫోను."

షరతు సంగతి, ఆ రింగు సంగతి రెండూ చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"మరి నువ్వు మళ్ల చేసినవా?" అని అడిగింది.

"చేసిన అవ్వా."

"గా దినం చెయ్యకపోతిరి" అన్నది.