మెడ దగ్గర చీలిన వైరు

మా ఇంట్లో గాలిలో కూడా నూలు ఉంటుంది. నగరిలో మగ్గాలున్న ఇళ్ళన్నీ అంతే. పొద్దున తుడిచిన కిటికీ అంచు మీద మధ్యాహ్నానికల్లా తెల్లటి నూలుపొట్టు మళ్ళీ పేరుకుంటుంది. పెళ్ళయి వచ్చిన కొత్తలో మగ్గాల చప్పుడు కంటే ఆ పొట్టే నన్ను ఎక్కువ విసిగించేది. ముందు గదిలో మా ఆయన పవర్లూములు నడుపుతాడు. తెగిన పోగులకు ముడేసేది, పాత పడుగు కొసలకు కొత్త పడుగును ఒక్కొక్క పోగే అతికేది మా అత్త. ఆమె బొటనవేలూ చూపుడువేలూ కలిసి ఆడుతుంటే ముడి ఎప్పుడు పడిందో పక్కనే కూర్చున్నా నాకు కనపడేది కాదు.

నేను శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాను. తయారైన సరుకును తనిఖీ చేసినవాళ్ళు ఇచ్చే వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించి రిపోర్టులు తీయడం మా సెక్షన్ పని. పొద్దున్నే కంపెనీ బస్సు వస్తుంది. నగరిలో ఎక్కితే సత్యవేడు మీదుగా పోతుంది. ఆ బస్సులో ఎక్కే ఆడవాళ్ళలో చాలామంది మా సెక్షన్‌వాళ్ళే. శనివారాలు ఇంటి నుంచే పని చేసుకోవచ్చని మాకు తలా ఒక ల్యాప్‌టాప్ ఇచ్చారు. దాన్ని చేతికి తీసుకున్న రోజు మా అత్త పసుపూ కుంకుమా పెట్టి మరీ లోపలికి రానిచ్చింది.

ల్యాప్‌టాప్ బాగానే ఉండేది. తంటా అంతా చార్జర్‌తోనే. కాసేపు ప్లగ్గులో పెడితే చాలు, దాని నల్లటి పెట్టె చేత్తో పట్టుకోలేనంత కాగిపోయేది. కొన్నాళ్ళకు ఆ పెట్టెలోంచి వైరు బయటికొచ్చే చోట, సరిగ్గా మెడ దగ్గర, పైతొడుగు చీలి లోపలి రాగి తీగలు కనిపించాయి. కంపెనీలో ఐటీ చూసుకునే అతనికి తీసుకెళ్ళి చూపించాను.

"టేపు చుట్టుకోండి మేడమ్. అందరివీ ఇట్లే ఉండాయి" అన్నాడు.

"అందరివీ ఇట్లే ఉంటే మార్చాల కదా?"

"స్టాకు లేదు. రాంగానే ఇస్తాం."

టేపు చుట్టాను. మెయిలు పెట్టాను. జవాబు రాకపోతే మళ్ళీ పెట్టాను. స్టాకు మాత్రం రాలేదు.

ఒక శనివారం మధ్యాహ్నం నేను నడిమింట్లో పని చేసుకుంటూ, పొయ్యి మీద అన్నం చూడ్డానికి వంటింట్లోకి వెళ్ళాను. చార్జరు గోడ పక్కన ప్లగ్గులో ఉంది. అత్త గడప దగ్గర కూర్చుని, అతకాల్సిన పడుగు కొసల చిక్కు తీస్తోంది. "మ్మే, పొగ!" అన్న అరుపు విని పరిగెత్తుకొచ్చాను. టేపు కరిగి వైరు మెడ దగ్గర చిటపటమని నిప్పురవ్వలు లేస్తున్నాయి. గోడవారన పేరుకున్న నూలుపొట్టు అంటుకుని మంట నేల మీద పాకుతోంది. మా ఇంట్లో పొట్టు ఎంత తేలిగ్గా ఎగురుతుందో అంత తేలిగ్గా మండుతుందని నాకు అప్పటిదాకా తెలీదు. అది పడుగు దాకా వచ్చేస్తుంటే అత్త చెయ్యి చాచి ఆ వైరును పట్టుకుని అవతలికి లాగేసింది.

నేను స్విచ్చి ఆపాను. మా ఆయన మగ్గం వదిలేసి వచ్చి, తడిపిన గోనెపట్ట తెచ్చి మంట మీద పరిచాడు. పడుగు కొసలు కొద్దిగా కమిలాయి. గోడ నల్లబడింది. ఇంతేలే అనుకుంటుండగా అత్త చెయ్యి చూశాను. కరిగిన ప్లాస్టిక్కు ఆమె కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ అతుక్కుపోయింది. ఆ రెండు వేళ్ళను ఎడంచేత్తో పట్టుకుని, ఎవరివో అన్నట్టు చూస్తూ ఉండిపోయింది.

ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని ఇంటికొచ్చాక మా ఆయన గొంతు లేచింది.

"నీ ఆఫీసు సామాను నా ఇల్లు గాల్చేదానికా తెచ్చినావు? రేపట్నుంచి పోవద్దు."

అత్త మంచం మీద నుంచే అందుకుంది. "దాన్నెందుకురా అంటావు? చెడిపోయిందని అది వాళ్ళకి చెప్తానే ఉండింది. ఇననిది వాళ్ళు." తర్వాత నావైపు తిరిగి, "పోయి అడుగు మ్మే. నా చెయ్యి ఎందుకు కాలిందో అడుగు" అంది.

సోమవారం కాలిన చార్జర్‌ను ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకుని బస్సెక్కాను. ఐటీ అతను దాన్ని చూసి బీరువా తెరిచి కొత్త చార్జరు తీశాడు. ఇన్నాళ్ళూ లేని స్టాకు ఇప్పుడెక్కడి నుంచి వచ్చిందో.

"పాతదిచ్చి కొత్తది తీసుకోండి మేడమ్" అన్నాడు.

నా చెయ్యి దాదాపు డబ్బా అందించేసింది. అంతలో ఆగాను. "పాతది ఏం చేస్తారు?"

"స్క్రాపులో పడేస్తాం."

"అయితే ఇవ్వను."

అతను నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి హెచ్ఆర్‌కు ఫోన్ చేశాడు. హెచ్ఆర్ మేడమ్ నన్ను కూర్చోబెట్టి టీ ఇప్పించింది. మంచిదే పాపం, అత్త ఎలా ఉందని నిజంగానే అడిగింది. అడిగాక మాత్రం, ఇంట్లో జరిగింది కాబట్టి ఇది కంపెనీ కిందికి రాదనీ, నూలు పక్కన పెట్టి వాడటం సరికాని వాడకం అవుతుందనీ మెత్తగా చెప్పింది. ఇంటి నుంచి పని చేయమన్నది మీరే కదా అన్నాను. ఆమె నన్ను సేఫ్టీ ఆఫీసర్ దగ్గరికి పంపింది.

ఆయన గదినిండా పోస్టర్లే. హెల్మెట్టు పెట్టుకోండి, మెషీన్లో చెయ్యి పెట్టకండి అని. ఆయన చార్జర్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "మీ ఇంట్లో ఎర్తింగ్ ఉందామ్మా?" అని అడిగాడు. నాకు తెలీదు. తెలుసుకుని చెప్తానన్నాను.

ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి చూపిస్తే, నడిమింట్లోని ఆ ప్లగ్గుకు ఎర్తు వైరే కలపలేదని తేలింది. మా ఆయన ముఖం చిన్నబోయింది. ఆ వారంలోనే ఇల్లంతా ఎర్తింగ్ సరిచేయించాం. గోడవారన పొట్టు రోజుకు రెండు పూటలా ఊడ్చే పని మా ఆయన తనే ఎత్తుకున్నాడు. ఈ సంగతి ఆఫీసులో చెప్పకుండా ఉంటే ఏం పోయింది అని ఆయనే అన్నాడు. దాచిపెట్టి పోట్లాడటం నాకు చేతకాదు. వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

సేఫ్టీ ఆఫీసర్ మొహంలో పెద్ద బరువు దిగినట్టు కనిపించింది. "చూశారా? కారణం అదేనమ్మా. చార్జర్ మీద నెపం వేస్తే ఎట్లా?"

ఆ సాయంత్రం బస్సులో కిటికీకి తల ఆనించి కూర్చున్నాను. పక్కన సత్యవేడు దగ్గరి పల్లె నుంచి వచ్చే అమ్మాయి, మా సెక్షనే, ఏమైందని అడిగింది. చెప్పాను. అంతా విని ఆమె తన బ్యాగు జిప్పు తీసి చార్జరు బయటికి లాగింది. దాని మెడకు దెబ్బకు కట్టినట్టు బ్యాండేజీ గుడ్డ చుట్టి ఉంది. గుడ్డ విప్పి చూపించింది. అదే చోట, అదే చీలిక.

"దీన్ని నేను ఇంట్లో ప్లగ్గులో ఒక్కనాడూ పెట్టలేదక్కా. మా ఇంట్లో కరెంటు నిలకడగా ఉండదని ఫ్యాక్టరీలోనే పెడతా. మరి ఫ్యాక్టరీలో ఎర్తింగ్ లేదా?"

నేను నిటారుగా కూర్చున్నాను. ముందు సీటావిడను అడిగితే ఆమెది టేపుతో ఉంది. వెనకావిడది రబ్బరు బ్యాండ్లతో. దాదాపు అందరివీ అక్కడే చీలాయి. ప్రతివాళ్ళూ తాము సరిగ్గా వాడకపోవడం వల్లే పాడైందనుకుని, అడిగితే తిడతారని ఎవరికి తోచినట్టు వాళ్ళు కట్లు కట్టుకుని నెట్టుకొస్తున్నారు.

"అందరం కలిసి పోయి అడుగుదాం" అన్నాను.

"మేం కాంట్రాక్టు మీద ఉన్నోళ్ళం అక్కా. వద్దంటే రేపు యాడికి పోవాల?" అంది వెనకావిడ.

అది ఉత్త భయం కాదని నాకూ తెలుసు. "మాట్లాడేది నేనే. మీరు చార్జర్లు మాత్రం ఇయ్యండి" అన్నాను.

మరుసటి రోజు ప్లాంటు పెద్దాయన గదిలోకి నేనొక్కదాన్నే పోదామనుకుని చార్జర్ల సంచీ పట్టుకుని నిలబడ్డాను. తలుపు దగ్గరికి వచ్చేసరికి సత్యవేడు అమ్మాయి నా పక్కకొచ్చి నిలబడింది. ఆమె వెనక ఇంకొకరు. చివరికి అందరూ వచ్చారు, కాంట్రాక్టు అన్నావిడ కూడా. సంచీలోంచి ఎవరి చార్జరు వాళ్ళే తీసి బల్ల మీద పెట్టారు. టేపులూ గుడ్డలూ రబ్బరు బ్యాండ్లూ చుట్టిన ఆ నల్లటి పెట్టెల మధ్య మా ఇంటిది కాలి ముడుచుకుపోయి ఉంది.

పెద్దాయన తమిళాయన. తెలుగు బాగానే మాట్లాడతాడు. మా అత్త చెయ్యి కాలిన సంగతంతా విని, సేఫ్టీ ఆఫీసర్‌ను పిలిపించాడు.

"వీళ్ళ ఇంట్లో ఎర్తింగ్ లేదు సార్" అని మొదలుపెట్టాడు ఆ ఆఫీసరు.

"లేదు సార్, నిజమే" అన్నాను నేను. "ఎర్తింగ్ లేకపోవడం మా ఇంటి తప్పు. సరిచేసుకున్నాం. కానీ ఈ అమ్మాయి తన చార్జరు ఈ బిల్డింగులో తప్ప ఎక్కడా పెట్టలేదు. అదీ అదే చోట చీలింది. ఇక్కడ ఎర్తింగ్ లేదా సార్?"

పెద్దాయన సేఫ్టీ ఆఫీసర్ వైపు చూశాడు.

"ఉంది సార్" అన్నాడాయన.

పెద్దాయన చార్జర్లు అమ్మిన డీలరుకు అక్కడికక్కడే ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు. డీలరు తొణక్కుండా చెప్పాడు: గ్యారంటీ ఉన్నది చార్జర్‌కు, వైరుకు కాదు; వైరు అన్నాక అరుగుతుంది, అది వాడేవాళ్ళ చేతిలో ఉంది.

"వైరు లేకుండా మీ చార్జర్ ఎట్ల పని చేస్తాదండీ?" అన్నాను నేను. డీలరు మీటింగులో ఉన్నానని పెట్టేశాడు.

"మీకేం కావాలమ్మా? ఆసుపత్రి ఖర్చు ఇప్పిస్తాం" అన్నాడు పెద్దాయన.

"ఇప్పించండి సార్, వద్దనను. కానీ నేను వచ్చింది దానికోసం కాదు. ఇవన్నీ ఈరోజే వెనక్కి తీసుకోండి. కంపెనీ ఇచ్చిన వస్తువు చెడిందని మేం చెప్పినాక దాన్ని మార్చే బాధ్యత కంపెనీదని బోర్డు మీద రాయించండి. ఇంట్లో వాడినా, ఇక్కడ వాడినా."

ఆయన ఆ కాలిన పెట్టెను చేతిలోకి తీసుకున్నాడు. "మీ అత్త ఏం పని చేస్తారు?" అని అడిగాడు. పోగులు ముడేస్తుందని చెప్పాను. ఆయన కంచి వైపు మనిషట. ఇక వేరే విడమరిచి చెప్పే పని లేకపోయింది.

ఆరోజే చార్జర్లన్నీ వెనక్కి తీసుకున్నారు. కొత్తవి వచ్చేదాకా ఆఫీసు కంప్యూటర్ల మీద వంతులేసుకుని పని చేశాం. కొత్తవాటికి మెడ దగ్గర మందంగా రబ్బరు తొడుగుంది. బోర్డు మీద నోటీసు మొదట ఇంగ్లీషులో వేశారు. తెలుగులోనూ తమిళంలోనూ వేయమని మళ్ళీ వెళ్ళి అడిగాను. వేశారు. ఎవరి ఉద్యోగమూ పోలేదు. పొద్దున మెషీన్ల గురించి చెప్పే సేఫ్టీ మాటల్లో ఇప్పుడు వైర్ల సంగతి కూడా చెప్తున్నారు. చెప్పేది ఆ సేఫ్టీ ఆఫీసరే, ఎదురుపడితే నాకు నమస్కారం పెడతాడు. తప్పు కంపెనీదని మాత్రం ఎవరూ నోటితో ఒప్పుకోలేదు. డీలరైతే ఆ తర్వాత ఫోనే ఎత్తలేదు.

అత్త వేళ్ళు మానాయి. చర్మం మాత్రం గట్టిపడిపోయింది. సన్నటి పోగు పట్టుకుంటే చూపుడువేలికి తెలియడం లేదంది. తిరుపతిలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. కొంత స్పర్శ తిరిగి రావచ్చు, అంతా రాదు అన్నాడు డాక్టరు. ఆమె ఆ మాట విని తలూపింది. బొటనవేలికి మధ్యవేలు జత చేసి ముడేయడం అప్పటికే మొదలుపెట్టేసింది, చెప్పలేదంతే.

బస్టాండుకు నడిచి వస్తుంటే ఒక ఎలక్ట్రానిక్స్ కొట్టు ముందు ఆగిపోయాను. ఆ చార్జర్లే, అదే నల్ల పెట్టె, అదే సన్నటి మెడ, కొక్కేలకు వరసగా వేలాడుతున్నాయి. లోపలికి వెళ్ళి కొట్టతనికి జరిగింది చెప్పాను. నా ఫ్యాక్టరీ సంగతి తనకెందుకన్నట్టు మొహం పెట్టాడు.

"మాకింతవరకూ ఒక్క కంప్లైంటూ రాలేదు మేడమ్."

అత్త ముందుకొచ్చి కౌంటరు మీద తన కుడిచెయ్యి పెట్టింది.

"ఇదిగో వచ్చింది. సూడు నాయనా."

అతను చూశాడు. ఒక చార్జరు కొక్కెం నుంచి తీసి, మెడ దగ్గర వేళ్ళతో వంచి, అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత స్టూలేసుకుని ఎక్కి ఒక్కొక్కటే కిందికి దించాడు. డీలరును అడుగుతానన్నాడు.

మేం బస్సెక్కాక అతను వాటిని మళ్ళీ అక్కడే వేలాడదీశాడేమో నాకు తెలీదు. వచ్చే నెల అత్తను మళ్ళీ చూపించాలి. అప్పుడు ఆ కొట్టుకు వెళ్ళి చూస్తాను.