మా బిడ్డ బోర్లపడ్డ దిక్కు

ప్రత్యేక రాష్ట్రం కోసం జనమంతా రోడ్ల మీద కూర్చున్న కాలం. నేను భూపాలపల్లిలో బస్సు డ్రైవర్ని. బస్సులు ఆపేసి డిపో ముందు టెంటు వేసుకున్నాం. తొలి కాన్పుకు పోయిన నా భార్య నెల్లికుదురులో, వాళ్లమ్మ దగ్గర ఉంది. పురుడు నాడు చూసినప్పుడు బిడ్డలో నాకు కనపడింది ముక్కూ, మూసిన కళ్లే. మిగతాదంతా నా పాత లుంగీ. పసిపిల్లకు కొత్త బట్ట పనికిరాదని, ఉతికి ఉతికి మెత్తబడ్డ నా లుంగీ చింపి అత్త బిడ్డను చేతులతో సహా చుట్టేది. ఉలిక్కిపడకుండా పడుకుంటుందట. టెంటు కింద పడుకుని ఆ లుంగీని చూసి కుళ్లుకునేవాణ్ని. రోజంతా బిడ్డను ఎత్తుకుని ఉండేది అదే కదా.

కొన్నాళ్లకు ఒక చెయ్యి బయటపెట్టారని ఫోనొచ్చింది. ఇంకేం, టెంటులో కథ అల్లేశాను. చెయ్యి బయటికి రాగానే బిడ్డ పిడికిలెత్తిందనీ, నినాదం ఒక్కటే తక్కువనీ. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత ఒక పొద్దున నా భార్య మళ్లీ ఫోన్ చేసింది. "పిల్ల పక్కకు ఒరుగుతాంది. ఇయ్యాల్టి నుంచి గుడ్డ చుట్టుడు బంద్."

"జర ఆగుండ్రి! నేనొచ్చేదాంక చుట్టుండ్రి. బొర్లపడుడు నేను చూడాలె."

ఫోన్ అత్త గుంజుకుంది. "ఏంది అల్లుడా, బ్రేకేసి నిలపెట్టనీకె పిల్లేమన్న నీ బస్సా? గుడ్డల ఉండంగ బొర్లపడితే చేతులు ఆనిచ్చి మొఖం లేపుకోగలదా? ఊపిరాడకుంటైతది. చూడాలనుంటే నువ్వే ఉరుక్కుంట రా."

ఉరికాను. బండి మీద కొంత, ట్రాక్టర్ మీద కొంత. దారిలో ఒక ఊరి దగ్గర ఉద్యమంలో వాళ్లు రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వండుతున్నారు. ట్రాక్టర్ ఆపేశారు.

"ఎటు పోతున్నవే అన్నా, గింత పరేషాన్‌గ?"

దారి ఇస్తారని పిడికిలి కథ చెప్పాను. ఈసారి నినాదం కూడా కలిపాను. అదే కొంప ముంచింది.

"అవ్వో! ఓ అక్కా, గిటు రాండ్రి, గీ అన్న బిడ్డ ముచ్చట ఇనుండ్రి!"

వచ్చిన ప్రతి గుంపుకూ మొదటి నుంచీ చెప్పించారు. విస్తరి వేసి కూర్చోబెట్టారు. లేవబోతే ఇంకో గరిటె పప్పు పోశారు. వాళ్లు నన్ను వదిలేసరికి పొద్దు వాలింది.

నెల్లికుదురులో ఇంటి గడపలోనే భక్షాల వాసన తగిలింది. మా దగ్గర బిడ్డ బోర్లపడితే భక్షాలు, అంటే బొబ్బట్లు, చేసి వాడకంతా పంచుతారు. అత్త ఒక భక్షం నా చేతిలో పెట్టి లోపలికి పోయింది.

బిడ్డ చాప మీద వెల్లకిలా పడుకుని రెండు చేతులూ ఆడిస్తోంది. పక్కనే నా లుంగీ ముక్క మడతపెట్టి ఉంది. నేనూ చాప మీద ఒరిగి, "ఒక్కసారి బిడ్డా, నీ బాపు కోసం" అని బతిమాలాను. నా వేలు పట్టుకుంది గానీ తిరగలేదు.

ఇప్పుడు జనగామలో ఉంటున్నాం. బిడ్డ హాస్టల్లో చదువుకుంటోంది. సెలవులకొస్తే పక్కన కూర్చుని ఆ ముచ్చటే అడుగుతుంది.

"బాపూ, నేను మొదలు ఎటు దిక్కు బొర్లపడ్డ?"

"నా దిక్కే బిడ్డా. నేను చెయ్యి చాపిన, నువ్వు దబ్బున తిరిగినవు."

రొట్టెలు చేస్తున్న నా భార్య తలెత్తి నన్ను చూస్తుంది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా కాదనలేదు.