మస్కట్ కుర్తీలకు మామిడితోటలో పరీక్ష

మా అమ్మాయి శ్రావణి నర్సు. వచ్చే వారం ఉద్యోగానికి మస్కట్ వెళ్తోంది. అక్కడ బయట తిరిగేటప్పుడు ఒళ్లంతా కప్పే వదులు బట్టలు వేసుకోమని ముందే చెప్పారు. అందుకని ఈ రోజు నూజివీడులో నాలుగు ఫుల్ హ్యాండ్స్ కుర్తీలు కొన్నాను. ఇంటికి వెళ్తూ, కోత జరుగుతున్న మా మామిడితోట దగ్గర ఆగాం.

అక్కడ పాకలో ఒక కుర్తీ వేసుకుని ఎండలోకొచ్చి అమ్మాయి ఏడుపు మొహం పెట్టింది. "ఉడికిపోతున్నానమ్మా. ఏం ఊరమ్మా ఆ మస్కట్! నేను వెళ్లను."

రెండేళ్లు కష్టపడి తెచ్చుకున్న ఉద్యోగం అది!

కాయలు కోస్తున్న నాగమణి మా దగ్గరకొచ్చింది. మామిడి సొన పడితే ఒళ్లు కాలుతుందని చీర మీద భర్త చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని ఉంది. కుర్తీ అంచు పట్టుకుని చూసి పకపకా నవ్వింది.

"ఇది నైలాన్ గుడ్డ కదండీ అమ్మగారూ, ఉడకదా మరి? పాపా, నా చొక్కా చూడు. పల్చటి నూలుది. ఎండంతా ఇందులోనే ఉంటా. వదులుగా ఉంటే గాలాడుద్ది."

శ్రావణి ఆ చొక్కా చెయ్యి పట్టుకు చూసింది. తర్వాత నావైపు చూసింది. ఇస్త్రీ పని ఉండదని ఆ మెరిసే గుడ్డ ఏరికోరి కొన్నది నేనే.

వెంటనే కొట్టుకు వెళ్లి నాలుగూ మార్చి నూలువి తెచ్చాం. శ్రావణి ఒకటి వేసుకుని, అద్దం ముందు చున్నీ నాలుగు రకాలుగా చుట్టుకుని మురిసిపోయింది.

తోటలో పాపం మస్కట్ తిన్న తిట్లు నిజానికి నాకు రావాల్సినవన్నమాట. అక్కడున్నవాళ్లు ఇంకేం సర్దాలో చెప్పండి. నా సెలెక్షన్ మాత్రం వద్దంటోంది మా అమ్మాయి!