హమీదక్క ఫోన్‌కు కొత్త అక్షరాలు

2022 ఎండాకాలం. బాన్సువాడ బస్టాండు దగ్గర నా డీటీపీ దుకాణం. డీటీపీ అంటే కంప్యూటర్‌లో అక్షరాలు పేర్చి కార్డులు, కరపత్రాలు తయారుచేసే పని. తొమ్మిదో తరగతిలో బడి నన్ను భరించలేక వదిలేసింది. అక్షరాలు మాత్రం ఇప్పటికీ వదలడం లేదు. మెడ పట్టేసి ఉంటుంది, కళ్లు మండుతుంటాయి. లగ్గాల సీజన్ ముగిసేసరికి ఎవరి పెళ్లి ఎవరితో అయినా నాకు ఒకటే.

అలాంటి ఒక మధ్యాహ్నం హమీదక్క వచ్చింది. మా వీధి చివర జాకెట్లు కుడుతుంది. గొంతు ఆపరేషన్ తర్వాత ఆమెకు మాట పోయింది. చెప్పాల్సింది ఫోన్‌లో టైప్ చేసి ఎదుటివాళ్లకు చూపిస్తుంది. నాకూ చూపించింది: "తమ్మీ, గిరాకి పోతున్నది. చూస్తుండ్రు, తలూపుతుండ్రు, పోతుండ్రు. చదువుతలేరు."

స్క్రీన్ చూడగానే సంగతి అర్థమైంది. మా వైపు పెళ్లికార్డు అక్షరమంటే ఒక పిచ్చి. తోకలు, మెలికలు లేకపోతే "కరెంటు బిల్లు లెక్కున్నది" అని పెదవి విరుస్తారు. ఆమె అల్లుడు ముచ్చటపడి ఫోన్ మొత్తానికి అదే ఫాంట్, అంటే అదే అక్షరరూపం, పెట్టించాడు.

"అక్కా, గిది ఫోనా, లగ్గం పత్రికనా? జాకెట్ రేపు ఇస్త అని రాస్తే నేను అక్షింతలు ఏడున్నయని దేవులాడుతున్న" అన్నాను.

శబ్దం లేకుండా నవ్వింది. మళ్లీ టైప్ చేసింది: "నవ్వుడు తర్వాత. గిట్లనే అయితే మిషన్ అమ్ముకునుడే."

ముందు అక్షరాల సైజు పెంచాను. స్క్రీన్‌పై మూడు మాటలే పట్టాయి. మిగతాది వేలితో జరపాలి. ముసలివాళ్లు జరపబోయి ఎవరికో ఫోన్ కలుపుతారు. లాభం లేదు.

అసలు చిక్కు వేరే. మేం పని నేర్చుకున్నప్పటి ఫాంట్లన్నీ కాగితం కోసం గీసినవి. కాగితం మీద సన్నగీతను సిరా నిలబెడుతుంది. స్క్రీన్ అంటే చిన్న చిన్న చుక్కలు, పిక్సెల్స్. పాత లావు మానిటర్లలో సన్నగీత ఆ చుక్కల మధ్య మాయమయ్యేది, సున్నా కడుపు పూడిపోయేది, ఒత్తు పై అక్షరానికి అతుక్కునేది. తర్వాత తర్వాత స్క్రీన్ కోసమే గీసినవి వచ్చాయి. గీతలు కాస్త మందం, లోపలి ఖాళీలు వెడల్పు. ఏ గీత ఏ చుక్కలో కూర్చోవాలో ముందే చెప్పి పెట్టేదాన్ని హింటింగ్ అంటారు. రద్దీ బస్సులో కిటికీలోంచి రుమాలు వేసి సీటు ఆపుతామే, అదే. ఇప్పటి ఫోన్లలో చుక్కలు నలుసులంత సన్నం, రుమాలు అవసరం తగ్గింది. కానీ చూసే కళ్లు పాతవే.

స్క్రీన్ కోసం గీసిన అలాంటి ఒక ఫాంట్ ఆమె ఫోన్‌లో ఎక్కించాను. వర్ని ఊరికి పోయే బస్సు కోసం కిష్టవ్వ మా దుకాణం నీడలో కూర్చుని ఉంది. పొద్దున హమీదక్క ఫోన్ చూసి తలూపి వెళ్లిన మనుషుల్లో ఆమె ఒకతి. అక్క టైప్ చేసి ఆమె చేతికిచ్చింది.

కిష్టవ్వకు మనసులో చదవడం రాదు. ఫోన్‌ను చెయ్యంత దూరం పట్టుకుని, కూడబలుక్కుంటూ పైకే చదివింది: "అవ్వా... చేతులు పొడుగు... పెట్టాల్నా... పొట్టి పెట్టాల్నా? పొద్దుగాల... చెప్పకుండనే పోతివి." తలెత్తింది. "పొద్దుగాల ఏడ అడిగినవే? పూలు గీసి సూపిచ్చినవ్, మంచిగున్నయని తలూపిన! పొడుగే పెట్టు. పోయినసారి సంకలకాడ బిర్రు జేసినవ్, చెయ్యి లేస్తలేదు."

అక్క వేళ్లు పరుగెత్తాయి.

"బట్ట తక్కువ... తెస్తే... నేనేం జేయాలె!" కిష్టవ్వ చదివి మండిపడింది. "ఓ యబ్బో, నా బట్ట తక్కువనా?"

తగవు తెగలేదు, వర్ని బస్సు వెళ్లిపోయింది. హమీదక్క మాత్రం స్క్రీన్ వంక చూడటం లేదు. తన మాటలు కిష్టవ్వ నోట్లోంచి గట్టిగా బయటికొస్తుంటే, ఆ పెదవులే చూస్తోంది.

నా మెడ అలాగే ఉంది, సీజన్లు అలాగే వస్తున్నాయి. ఒకటే మారింది. కార్డు చూసి ఎవరైనా "మస్తున్నది" అని తలూపితే నాకు నమ్మకం కుదరదు. "గిదేంది, మా మ్యానమామ పేరేది?" అని లొల్లి పెడితే మాత్రం వాళ్లకు టీ చెబుతాను. చదివారన్నమాట.