నాలుగు బిందెల మంచినీళ్లు

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, ఒక ఫిబ్రవరిలో, శ్రీహరికోటకు ఉత్తరాన ఉన్న తీరంలో సముద్రపు అడుగును పరిశీలించే పనికి నన్ను బృంద నాయకురాలిగా వేశారు. అప్పటికి నేను తిరుపతిలోని మా ప్రయోగశాలలో సీనియర్ సైంటిస్టుని. నాయుడుపేట వైపు ఫ్యాక్టరీల మురుగునీటిని గొట్టం వేసి సముద్రంలోకి వదలాలన్నది ప్రతిపాదన. గొట్టం నోరు ఎక్కడ ఉండాలో తేల్చే కమిటీకి మా నివేదిక కావాలి. వాళ్లు గుర్తు పెట్టిన చోటు సరిగ్గా ఒక జాలరి పల్లెకు ఎదురుగా ఉంది. ఆ పల్లెవాళ్లు రొయ్యలకు వల వేసేది అక్కడే. అడుగున ప్రాణం లేదని మేము రాస్తే గొట్టం అక్కడే పడుతుంది, వాళ్ల వేట పోతుంది.

బురదకు ఆరోగ్యమేమిటే అని మా వాళ్లు నన్ను ఆట పట్టించేవారు. దాని ఆరోగ్యం అందులో బతికే పురుగుల్లో తెలుస్తుంది. గ్రాబ్ అనే ఇనుప దవడల పరికరాన్ని పడవ మీంచి తాడుతో దించితే, అది అడుగును కరిచి బకెట్టెడు బురద పైకి తెస్తుంది. ఆ బురదను సన్న జల్లెడలో కడిగితే పురుగులు, నత్తలు, గుల్లలు మిగులుతాయి. వాటిని పాడవకుండా ఫార్మలిన్‌లో వేసి, సీసాల్లో తిరుపతికి తెచ్చి, రకానికి ఎన్నో లెక్కపెడతాం. రకరకాలవి ఉంటే అడుగు బాగున్నట్టు. ఏమీ లేకపోతే చచ్చినట్టు.

నమూనాలు తీసిన రోజు నేను పడవలో లేను. సమీక్షా సమావేశమని డైరెక్టరుగారు నన్ను తిరుపతిలో ఆపేశారు. నా బదులు మునెయ్య వెళ్లాడు. ఏర్పేడు మనిషి, పాతికేళ్ల అనుభవమున్న ఫీల్డ్ అసిస్టెంటు. చేయాల్సినవన్నీ వరసగా కాగితం మీద రాసిచ్చాను. ఇంగ్లీషులో అయితే ఎక్కడ పొరబడతారోనని తెలుగులో రాశాను. అదో గొప్ప నాకు.

వారం తర్వాత సీసాలు తెరిచాను. గుల్లలు ఉన్నాయి, పురుగులు లేవు. అవి మట్టితో కట్టుకునే సన్నని గూళ్లు మాత్రం కొత్తవి, చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఇళ్లున్నాయి, మనుషుల్లేరు. మునెయ్య నోటు పుస్తకం తిరగేశాను. 'పైన గోధుమరంగు పొర, నాలుగు వేళ్ల మందం. కంపు లేదు' అని ఉంది. చచ్చిన బురద పైదాకా నల్లగా ఉండి కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది. పుస్తకం చెప్పేది ఒకటి, సీసా చెప్పేది ఇంకొకటి.

డైరెక్టరుగారు సీసానే నమ్మారు. ఆ రోజు సోమవారం, కమిటీ గురువారం. 'జీవం లేదు' అని ముసాయిదా టైపు కూడా అయిపోయింది, నా సంతకం ఒక్కటే తక్కువ.

మునెయ్యను పిలిచి, ఏం చేశావో మొదటి నుంచి చెప్పమన్నాను. కోపంగానే అడిగాను. ఆయన బెదరలేదు.

"బురద జిగటగా ఉన్నింది మేడమ్. మీరు రాసినట్టే మంచినీళ్లలో నానేసి, మంచినీళ్లతోనే కడిగినాము."

"మంచినీళ్లా? సముద్రం మీద యాడివి?" కంగారులో నా చిత్తూరు మాట బయటికొచ్చింది.

"ఆ పల్లెలో పోలమ్మని ఒకామె ఉండాది. ట్యాంకరు మూడు దినాలకొకతూరి వస్తాదంట. అయినా తన ఇంటి నీళ్లు నాలుగు బిందెలు ఇచ్చింది, పాపం. గవర్నమెంటు పని బాగా జరగాలని."

కాగితం తీసి చూశాను. నా చేతిరాతే. 'బురదను మంచి నీళ్లలో నానబెట్టి కడగాలి.' నా ఉద్దేశం చెత్త లేకుండా వడగట్టిన సముద్రపు నీళ్లు. సముద్రం మీద ఇంకే నీళ్లుంటాయిలే అనుకున్నాను. తెలుగులో మంచినీళ్లంటే తాగే నీళ్లని ఆ మాత్రం తెలియదా నాకు! ఉప్పునీటి పురుగును తాగే నీళ్లలో వేస్తే, నీరు ఒంట్లోకి చొరబడి ఉబ్బి పగిలిపోతుంది. ముక్కలు జల్లెడ కన్నాల్లోంచి జారిపోతాయి. నోరు మూసుకునే గుల్లలే మిగులుతాయి. ఆ పల్లెవాళ్ల నీళ్లతోనే వాళ్ల నోట మట్టి కొట్టబోయాను.

నమూనాలు రద్దు కావడానికి ఒకటే దారి. తప్పేమిటో, ఎవరిదో రాసి బృంద నాయకురాలు సంతకం పెట్టాలి. ఆ కాగితం, తప్పు ఎవరిదైతే వాళ్ల సర్వీసు ఫైలులోకి పోతుంది. మునెయ్య పేరు రాసేయండి, ఈ వయసులో మీ ఫైలుకు మచ్చెందుకు అన్నారు డైరెక్టరుగారు. అబద్ధమెందుకు, ఒక్క నిమిషం మనసు అటు లాగింది. తర్వాత నా పేరే రాశాను. బుధవారం సాయంత్రానికి కొత్త లెక్కలు బల్ల మీద లేకపోతే పాత ముసాయిదానే వెళ్తుందని ఆయన ఖండితంగా చెప్పేశారు.

మంగళవారం తెల్లవారకముందే బయల్దేరి, పోలమ్మ భర్త పడవలో వెళ్లాం. గాలి ఎక్కువగా ఉంది. గ్రాబ్ రెండుసార్లు నోరు మూసుకోకుండానే ఖాళీగా వచ్చింది. ఇక తిరిగిపోదామని పడవాయన గొణుగుతుంటే, మూడోసారి నిండుగా వచ్చింది. సముద్రపు నీళ్లనే గుడ్డలో వడగట్టి, మెల్లగా కడిగాం. జల్లెడలో ఎర్రటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. "ఉండాయి మేడమ్, ఉండాయి!" అని మునెయ్య కేకేశాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఒడ్డుకొచ్చాక పోలమ్మకు జరిగినదంతా దాచకుండా చెప్పి, తప్పు నాదన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి పకపకా నవ్వింది. "అయితే ఆ పురుగులకి ఉప్పునీళ్లే మంచినీళ్లా తల్లీ? ముందే చెప్పుంటే నా నాలుగు బిందెలన్నా మిగిలుండును గదా!"

బుధవారం సాయంత్రం లెక్కలు బల్ల మీద పెట్టాను. కమిటీ ఆ చోటును గొట్టం వేసే చోట్ల జాబితాలోంచి తీసేసింది. ఆ ఏడు రావలసిన పదోన్నతి నాకు రాలేదు. ఎందుకని నేనూ అడగలేదు.

ఆ తర్వాత ఏ పని అప్పగించినా, చేయబోయే మనిషి చేతే కాగితం చదివించి, ఏం చేస్తారో వాళ్ల నోటితోనే చెప్పించుకున్నాను. ఎవరికి మంచిదో రాయకుండా 'మంచి' అన్న మాట మళ్లీ ఏ కాగితంలోనూ వాడలేదు.