బస్టాండు హాల్లో ఆదివారం ఆట

మా ముత్తాత వెంకటరామయ్య గిద్దలూరు తాలూకాలో మూడు ఊళ్లకు మునసబు. తాత నరసయ్య మార్కాపురం బజారులో నడిచి వస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు.

ఈ వారం ఏ కొత్త సినిమాకు పోదామని మా అమ్మాయి ఫోనులో పోస్టర్లు చూపిస్తుంటే నాయన గుర్తొచ్చారు. నా చిన్నప్పుడు ఆ ఎంపిక ఆయనదే. ఊళ్లో రెండు హాళ్లున్నా, ఎప్పుడూ స్టేషను దగ్గరి హాల్లో ఆడేదే చూపించేవారు. బస్టాండు హాలుకు మంచి సినిమాలు రావని నేననుకునేవాణ్ణి.

ఒకసారి నేను కలవరించిన ఫైటింగు సినిమా బస్టాండు హాలుకే వచ్చింది. రెండు పూటలు అన్నం మానేస్తే నాయన సరేనన్నారు.

మమ్మల్ని చూసి గేటు దగ్గరి ముసలాయన స్టూలు మీంచి లేచాడు.

"చిన్నయ్యా! ఎన్నాళ్లకొచ్చినారు! మీకు టికెట్టేంది, లోపలికి రాండి."

"అట్ల కుదరదు కాశన్నా. అందరితో పాటే మేమూ" అంటూ నాయన ఎండలో, వరసలో చివర నిటారుగా నిలబడ్డారు.

లోపల నేను ఈలలు వేస్తుంటే ఆయన తెర వదిలేసి గోడలూ పైకప్పూ చూస్తూ కూర్చున్నారు.

"బాగలేదా నాయనా?"

"బాగుందిరా. నువ్వు చూడు."

ఫైటింగులు నచ్చలేదేమో అనుకున్నాను. ఆ వరసలో తల వంచకుండా నిలబడటానికి ఎంత గుండె కావాలో ఇప్పుడు తెలుస్తోంది. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు. ఆ హాలు మా తాత కట్టించింది. నేను పుట్టకముందే నాయన దాన్ని అమ్మేశారు.